నెగటివ్ నంబరు చెప్పండి

సంక్రాంతి దగ్గరపడుతోంది కదా, కుటుంబం ఫోటోల గురించి అడగాలనుకున్నది అడగండి అని పోయిన సంచికలో రాశాను. సంచీ నిండా ఉత్తరాలు వచ్చాయి. కొత్తవాళ్ళ కోసం నా సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. 1975లో బందరులో మా మావయ్య స్టూడియోలో డార్క్‌రూమ్ కుర్రాడిగా చేరాను. ట్రేలు కడగడం, ఫోటో చెరిగిపోకుండా నిలబెట్టే హైపో మందు కలపడం, వచ్చినవాళ్ళకి దువ్వెనా పౌడరు డబ్బా అందించడం. రెండేళ్ళు ఇదే పని. కెమెరా ముట్టుకోనిచ్చింది మూడో ఏడు. మావయ్య పోయాక స్టూడియో నేను నడిపాను. ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. నేను కౌంటర్ దగ్గర కూర్చుని వాడి లైటింగ్‌కి వంకలు పెడుతుంటాను.

ప్రశ్న: ఈ సంక్రాంతికి నాన్నగారికి డెబ్బై నిండుతాయి. అన్నయ్య అమెరికా నుంచి, అక్కావాళ్ళు బెంగళూరు నుంచి వస్తున్నారు. మొత్తం పదిహేడు మందిమి. అందరం ఒకచోట కలిసి ఎనిమిదేళ్ళయింది. ఫోటోగ్రాఫర్‌ని ఇంటికి పిలుద్దామంటే పన్నెండు వేలు అడిగాడు. అన్నయ్య కొడుకు దగ్గర లక్షన్నర ఫోన్ ఉంది, వాడు తీస్తాడు, అంత డబ్బు దండగ అంటున్నారు ఇంట్లో. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, తణుకు

ముందు లెక్క సరిచూసుకోండమ్మా. మీ మేనల్లుడు తీస్తే ఫోటోలో ఉండేది పదహారు మందే. ప్రతి ఇంట్లోనూ ఇలా ఒకరు ఉంటారు. ఆల్బమ్ మొత్తం తిరగేసినా ఆయన కనపడడు. ఎందుకంటే అన్నీ తీసింది ఆయనే.

ఫోన్ మంచిది కాదని నేను అనను. మంచిదే. వాడే తియ్యాలంటే నాలుగు మాటలు చెప్పి పంపండి. ఫోన్‌ని స్టాండుకి బిగించి, టైమర్ పెట్టి వాడు కూడా వచ్చి నిలబడాలి. దగ్గర నుంచి తియ్యకూడదు. ఫోన్‌లో మామూలుగా ఉండేది వెడల్పుగా చూసే లెన్స్. పదిహేడు మందినీ ఇరికించాలని దగ్గరికొచ్చి తీస్తే అంచుల్లో నిలబడ్డవాళ్ళు అడ్డంగా సాగిపోతారు. మీ అక్కయ్య చివర నిలబడిందంటే ఆ ఫోటో జన్మలో ఎవరికీ పంపనివ్వదు. వెనక్కి నడిచి, రెండు రెట్లు దగ్గరగా చూపించే లెన్స్ మీద తియ్యమనండి.

ఇక పన్నెండు వేలు దేనికంటారా? కెమెరాకి కాదు. మీ పెద్దబావగారు కుర్చీలో కాళ్ళు బారజాపుకుని కూర్చున్నారనుకోండి. ‘బావగారూ, కాళ్ళు దగ్గరికి’ అని మీ ఇంట్లో ఎవరు చెబుతారు? ‘వదినా, నువ్వు అడ్డంగా ఉన్నావు, కాస్త పక్కకి తిరుగు’ అని మీరు అనగలరా? అంటే సంక్రాంతి అక్కడితో సరి. బయటవాడు ఎవరినైనా ఏమైనా అనొచ్చు. మా మావయ్య, జిల్లా అంతా భయపడే ఓ పెద్ద ప్లీడరు గారి గడ్డం రెండు వేళ్ళతో పట్టుకుని ఇటు తిప్పడం నేను కళ్ళారా చూశాను. ఆయన కిక్కురుమనలేదు. ఆ చనువుకే మీరు డబ్బిస్తున్నది.

కూర్చోబెట్టడంలో ఉంది పనంతా. చాలామంది ముందు పిల్లల్ని నిలబెట్టి, తర్వాత పెద్దవాళ్ళని పిలుస్తారు. పెద్దవాళ్ళు పట్టుచీర సర్దుకుని వచ్చేలోపు పిల్లలు పెరట్లో తేలతారు. మేము ముందు నడుమ రెండు కుర్చీలు వేసి అమ్మానాన్నలని కూర్చోబెట్టేవాళ్ళం. వాళ్ళ చుట్టూ మిగతావాళ్ళని అల్లుకుంటూ పోయి, పిల్లల్ని ఆఖరున దింపేవాళ్ళం. తలలన్నీ ఒకే గీత మీద ఉండకూడదు. ఒకరి తల పక్కవారి భుజం దగ్గర పడితే చూపు ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. లేకపోతే అది స్కూలు గ్రూప్ ఫోటో, కింద ‘కూర్చున్నవారు ఎడమ నుంచి కుడికి’ అని రాసుకోవడం ఒక్కటే తక్కువ.

చేతులు. డెబ్బై ఏళ్ళ మగవాళ్ళకి కెమెరా ముందు చేతులు ఎక్కడ పెట్టాలో తెలీదు. పిడికిళ్ళు బిగించి మోకాళ్ళ మీద పెడతారు, ఎవరితోనో కొట్లాటకి సిద్ధమైనట్టు. ఏదో ఒకటి చేతికివ్వండి. చేతికర్ర, కళ్ళజోడు, అన్నిటికన్నా మంచిది, చిన్న మనవరాలు.

వెలుతురు సంగతి. డాబా మీదకి వెళ్ళకండి, మధ్యాహ్నం అసలు వద్దు. కళ్ళ కింద గుంటలు పడతాయి, అందరూ కళ్ళు చికిలించి చూస్తారు. నాలుగు దాటాక ఇంటి నీడ పడే చోట, ముఖాలు ఆకాశం వైపు తిరిగేట్టు వసారాలో కూర్చోండి. భోజనాలయ్యాక మాత్రం పెట్టుకోవద్దు. గారెలూ పరమాన్నం తిన్న ముఖాల్లో నిద్ర తప్ప ఇంకేమీ ఉండదు.

కళ్ళు మూసుకునేవాళ్ళ గురించి ఒక తమాషా లెక్క ఉంది. ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే పరిశోధన సంస్థకి చెందిన నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అనే ఇద్దరు, గ్రూప్ ఫోటోలో అందరి కళ్ళూ తెరిచి ఉండాలంటే ఎన్ని తియ్యాలో లెక్క కట్టారు. దానికి 2006లో గణితంలో ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. నవ్వించి ఆపైన ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చే బహుమతి అది. ఇరవై మంది లోపైతే మనుషుల సంఖ్యని మూడుతో భాగించండి, వెలుతురు చాలకపోతే రెండుతో. మీ పదిహేడు మందికి ఆరు తీస్తే చాలు. పన్నెండు రావాల్సిన రీలులో ఆరు ఒకే కుటుంబం మీద ఖర్చుపెట్టే స్తోమత మాకెక్కడిది? అందుకే మావయ్య ‘అందరూ కళ్ళు మూసుకోండి, మూడు అనగానే తెరవండి’ అనేవాడు. ఇప్పటికీ పనిచేస్తుంది.

పిలవడం, మానడం మీ ఇష్టం. పిలిస్తే మాత్రం మూడొందల సాఫ్ట్ కాపీలు అడగకండి. పన్నెండు బై పద్ధెనిమిది అంగుళాల ప్రింట్లు అడగండి, ఇంటికొకటి. మేనల్లుడు తీసినదైనా అంతే, ల్యాబ్‌కి అసలు ఫైలు ఇవ్వండి. ఆ సైజుకి అంగుళానికి 300 చుక్కల లెక్కన 3600 బై 5400 చుక్కలు కావాలి. వాట్సాప్‌లో నలుగురి చేతులు మారి వచ్చిన దానికి అంత ఓపిక ఉండదు.

ప్రశ్న: ఫ్యామిలీ ఫోటోకి అందరం తెల్ల చొక్కా, జీన్స్ వేసుకుందామనుకుంటున్నాం. ఇప్పుడు అదే ట్రెండు. ఓకేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

మీ నాన్నగారు జీన్స్ వేసుకుంటారా? రోజూ వేసుకుంటే వెయ్యండి. లేకపోతే ఆయన పంచె ఆయన్ని కట్టుకోనివ్వండి. సన్నచారల చొక్కాలు మాత్రం వద్దు, డిజిటల్ కెమెరాలో అలలు అలలుగా మెరుస్తాయి.

ప్రశ్న: నాన్న పోయి మూడేళ్ళయింది. అప్పటి నుంచి ఏ శుభకార్యంలో ఫోటోకి పిలిచినా అమ్మ ‘నేనెందుకర్రా, మీరు దిగండి’ అంటుంది. బలవంతం చేస్తే వచ్చి ఒక చివర నిలబడుతుంది. తమ్ముడి గృహప్రవేశం ఫోటోలో సగం భుజమే పడింది. ఎలా చెప్పాలో తెలియడం లేదు.
– ఒక పాఠకురాలు, నర్సరావుపేట

ఈ ఉత్తరం చదివి కాసేపు కౌంటర్ మీదే ఉంచేశాను తల్లీ. మా అమ్మా ఇంతే చేసేది.

చెప్పి ప్రయోజనం ఉండదు. చెబితే ఇంకా వెనక్కి వెళతారు. పని పురమాయించాలి. నేను చేసేది ఇదీ. అందరినీ నిలబెట్టక ముందే కుర్చీ ఒకటి నడుమ వేసి, ‘అమ్మా, లైటు చూసుకోవాలి, ఒక్క నిమిషం ఇక్కడ కూర్చోండి’ అంటాను. పాపం నాకు సాయం చేస్తున్నామనుకుని కూర్చుంటారు. వెంటనే ఒళ్ళో పసిపిల్లనో, పళ్ళెమో పెట్టేస్తాను. ఇక లేవలేరు. ఆ తర్వాత కొడుకులూ కూతుళ్ళూ చుట్టూ చేరితే కుటుంబం ఆవిడ చుట్టూ ఉందన్నది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. శుభకార్యానికి ముందు నిలబడకూడదనే పట్టింపు కొందరికి ఉంటుంది. అలాంటప్పుడు కార్యక్రమం ఫోటోలు అలాగే పోనిచ్చి, మర్నాడు పొద్దున్నే కాఫీల వేళ తియ్యండి. ఆ ఫోటోకి ముహూర్తం లేదు.

ఒక్కసారి మీరూ ఆవిడా ఇద్దరే దిగండి. గ్రూపుల్లో పడి ఈ మాట అందరూ మరిచిపోతారు.

ప్రశ్న: మేము డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోని స్టూడియో వాళ్ళు మాకు చెప్పకుండా వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టారు. అడిగితే ‘తీసింది మేము, కాపీరైట్ మాది’ అంటున్నారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

మా వాళ్ళలో చాలామంది ఇదే అనుకుంటారు. కాదు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చూడమనండి. డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోకి, వేరే ఒప్పందం ఏమీ లేకపోతే, మొదటి హక్కుదారు తీయించుకున్నవారే. ఆ ‘వేరే ఒప్పందం’ దగ్గరే ఉంది కిటుకు. బుకింగ్ కాగితం వెనక చిన్న అక్షరాల్లో ‘ప్రచారానికి వాడుకుంటాం’ అని ఉంటే, మీరు సంతకం పెట్టి ఉంటే కథ మారుతుంది. కాగితం తిప్పి చూడండి. లేకపోతే తీసేయమని రాతపూర్వకంగా అడగండి.

మా రోజుల్లోనూ షోకేసు ఉండేది లెండి. బాగా వచ్చిన ఫోటో పెద్దది చేసి పెట్టేవాళ్ళం. ఒకావిడ పెళ్ళిచూపుల ఫోటో అందులో చూసి వేరే సంబంధం వాళ్ళు ఆరా తీస్తూ వచ్చారు. పెద్ద గొడవ. అప్పటి నుంచి మావయ్య అడగకుండా ఎవరిదీ పెట్టలేదు.

ప్రశ్న: 1982 వేసవిలో నాకు పూలజడ వేసి స్టూడియోకి తీసుకెళ్ళారు. అద్దం దగ్గర నిలబెట్టి, ముఖమూ జడా రెండూ పడేట్టు తీశారు. ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. మా మనవరాలికీ అలాగే తీయిద్దామంటే ఇక్కడి ఫోటోగ్రాఫర్ కుర్రాడు ‘ముందొకటి, వెనకొకటి తీసి పక్కపక్కన అతికిస్తా’ అంటున్నాడు. అద్దంతో తియ్యడం అంత కష్టమా?
– ఒక అమ్మమ్మ, ఏలూరు

రెండు తీసి అతికిస్తే అందులో తమాషా ఏముందండీ! నాకు ప్రాణం లేచొచ్చిన ఉత్తరం ఇది.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా మా స్టూడియో ముందు మల్లెపూల వాసన వీధి చివరికి కొట్టేది. మొగ్గలు విచ్చుకునేలోపు ఫోటో అయిపోవాలి కదా, అందరూ ఒకే వేళకి వచ్చేవాళ్ళు. పొద్దున్నుంచి కదలకుండా కూర్చోబెట్టి కుట్టిన జడ. ఆ బరువుకి తల వెనక్కి లాగేస్తుంటే ఏడేళ్ళ పిల్లలు ఏడుపు దిగమింగుకుని నిలబడేవాళ్ళు. మీ ఫోటోలో ముఖం కొంచెం ఉబ్బి ఉందేమో చూడండి. నూటికి తొంభై మంది అంతే.

ఆ కుర్రాడికి ఇది చూపించండి. పిల్ల వెనక నిలువుటద్దం, కాస్త ఏటవాలుగా. తిన్నగా పెడితే అద్దంలో మీ కెమెరా, మీ పొట్టా పడతాయి. పిల్ల పూర్తిగా కెమెరా వైపు కాకుండా కొంచెం పక్కకి తిరిగి నిలబడాలి. అందరూ తప్పేది ఫోకస్ దగ్గర. అద్దంలో జడ అద్దం మీద లేదు, అద్దం వెనక ఉంది. పిల్ల కెమెరాకి ఎనిమిది అడుగుల్లో, అద్దం పిల్లకి రెండడుగుల వెనక ఉంటే, అద్దంలోని జడ దూరం పన్నెండు అడుగుల దాకా లెక్క. ముఖానికి ఫోకస్ చేస్తే జడ మసక, జడకి చేస్తే ముఖం మసక. మేము నడుమ పది అడుగుల దగ్గర పెట్టి, లెన్స్ రంధ్రం ఎఫ్-11కి తగ్గించేవాళ్ళం. ఇప్పటి కుర్రాళ్ళకి వెనకంతా బ్లర్ చెయ్యడం సరదా. ఆ సరదా ఈ ఒక్క ఫోటోకి పనికిరాదు. లైటు కూడా అద్దంలో కనపడని చోట పెట్టాలి.

మీ పాత ఫోటో మనవరాలి చేతికిచ్చి తీయించండి. ఇది నా సలహా కాదు, ముచ్చట.

ప్రశ్న: మా తాతగారి 1950ల నాటి బ్లాక్ అండ్ వైట్ ఫోటో చెక్కుచెదరలేదు. నా చిన్నప్పటి 1980ల కలర్ ఫోటోలు మాత్రం ఎర్రగా అయిపోయాయి. ల్యాబ్ వాళ్ళు మోసం చేశారా? కొన్ని ఆల్బమ్ పేజీకి అంటుకుపోయి రావడం లేదు కూడా.
– ఒక పాఠకుడు, ఖమ్మం

మోసం ఏమీ లేదు. తాతగారి ఫోటోలో ఉన్నది వెండి. హైపోలో సరిగ్గా ఉంచి, నీళ్ళలో బాగా కడిగితే వందేళ్ళు దాటినా నిలుస్తుంది. ఆ కడగడం అరగంట తక్కువ చేశాననే నేను మావయ్య చేత మొట్టికాయలు తిన్నది. కలర్ ప్రింటులో వెండిని ప్రాసెసింగ్‌లోనే తీసేస్తారు. మిగిలేవి మూడు రంగుల పొరలు, నీలాకుపచ్చ, మెజెంటా, పసుపు. ఆనాటి కాగితాల్లో నీలాకుపచ్చ రంగు బలహీనం. పెట్టెలో చీకట్లో ఉన్నా అది తగ్గిపోతుంది. అది పోతే మిగతా రెండూ కలిసి కనిపించేది ఎరుపే. ఇప్పటి కాగితాలు చాలా మెరుగు.

ఎర్రబడ్డవాటిని 600 డీపీఐ మీద, అంటే అంగుళానికి 600 చుక్కల లెక్కన, స్కాన్ చేయించండి, రంగులు చాలావరకు తిరిగి సర్దొచ్చు. అంటుకుపోయినవి గోటితో లాగకండి. ముందు పేజీ మీద ఉండగానే ఫోటో తీసి పెట్టుకోండి. తర్వాత పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారం తీసుకుని, ఫోటో కిందుగా రంపంలా అటూ ఇటూ లాగుతూ రండి. అద్దానికి అతుక్కున్నవైతే అసలు ముట్టుకోకండి, అద్దంతో సహా స్కాన్ చేయించండి. లామినేషన్ జోలికి మాత్రం పోకండి. ఒకసారి చేస్తే ఇక తియ్యలేరు.

ప్రశ్న: మా నాన్న నాకు ఊహ తెలియక ముందే పోయారు. ఆయనది విడిగా ఫోటో లేదు. చిన్నాన్న పెళ్ళి గ్రూపులో వెనక వరసలో ఉన్నారు, ముఖం మినపగింజంత. ఏఐతో పెద్దది చేసి ఇస్తామని ఒకరు చేసి చూపించారు. చాలా స్పష్టంగా వచ్చింది కానీ అమ్మ చూసి ‘ఎవరిది?’ అంది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, మచిలీపట్నం దగ్గర పల్లె నుంచి

అమ్మ మాట నమ్మండి బాబూ. మినపగింజంత ముఖంలో కనురెప్పలూ ముక్కు అంచూ ఉండవు. లేనివాటిని ఆ యంత్రం వేరేవాళ్ళ ముఖాల నుంచి నేర్చుకుని వేసింది. అది మీ నాన్న కాదు, మీ నాన్నలాంటి ఇంకొకాయన. గీతలు తుడవడానికి, మరకలు తియ్యడానికి ఏఐ వాడండి, తప్పులేదు. మేమూ నెగటివ్ మీద, అంటే ప్రింటు వేసే ఫిల్మ్ మీద, పెన్సిల్‌తో మచ్చలు దిద్దినవాళ్ళమే. పోయినాయనకి లేని కోటు తొడిగినవాళ్ళమే. కోటు వేరు, కళ్ళు వేరు.

ప్రింటుని నమ్ముకోకుండా నెగటివ్ కోసం వెతకండి. నెగటివ్‌లో ఉన్నంత వివరం చిన్న ప్రింటులోకి రాదు. ఆ పెళ్ళి ఎవరు తీశారో చిన్నాన్నగారిని అడగండి. ఆడపెళ్ళివారి ఆల్బమ్ అడగండి. ఒకే పెళ్ళికి రెండు ఆల్బమ్‌లు ఉంటాయి. వాళ్ళ దాంట్లో మీవాళ్ళు భోజనాల బంతిలో దగ్గరగా పడి ఉండొచ్చు.

మీరు మా వైపు వారు కాబట్టి ఒకటి చెబుతాను. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నేను స్టూడియోలో చేరి రెండేళ్ళు. కొన్ని వారాలకి మనుషులు రావడం మొదలుపెట్టారు. ఫోటోలు దిగడానికి కాదు, పోయినవాళ్ళ ఫోటోలు మా దగ్గర ఏమైనా మిగిలాయా అని. రసీదులు ఎక్కడ ఉంటాయి, ఇళ్ళే లేవు. నాగాయలంక వైపు నుంచి ఒక ముసలాయన వచ్చాడు. కూతురు, అల్లుడు, ముగ్గురు పిల్లలు. నంబరు తెలీదు, తేదీ తెలీదు. ‘దసరా ముందు బాబూ, చంటిదానికి పుట్టెంట్రుకలు తీయించిన రోజు’ అన్నాడు.

మావయ్య నాకు అప్పగించాడు. నెగటివ్‌లో అంతా తిరగబడి ఉంటుంది. జుట్టు తెల్లగా, ముఖాలు నల్లగా. అందరికీ నల్ల ముఖం మీద తెల్ల జుట్టుంటే, గుండు చేయించిన పిల్ల తల మాత్రం మొత్తం నల్లటి బంతిలా కనిపిస్తుంది. కిటికీకి ఎదురుగా కూర్చుని ఆ నల్లబంతి కోసం ఒక్కొక్కటే వెలుగుకి పట్టి చూశాను. మూడో రోజు దొరికింది. ఆయన రోజూ వచ్చి మెట్ల మీద కూర్చునేవాడు. ప్రింటు ఆరకముందే చేతుల్లోకి తీసుకున్నాడు. ‘పెద్దది చేసి ఫ్రేము కట్టిస్తాను, డబ్బేం వద్దు’ అన్నాడు మావయ్య. ‘గోడేది బాబూ’ అన్నాడాయన. జేబులో పట్టేంత చిన్నది చేయించుకుని వెళ్ళాడు.

ప్రశ్న: డిగ్రీ అయ్యాక ఫోటోగ్రఫీ నేర్చుకున్నాను. పెళ్ళిళ్ళ హడావుడి కాకుండా ఒక్క కుటుంబం ఫోటోలే తీస్తూ మా ఊళ్ళో చిన్న స్టూడియో పెట్టాలని ఉంది. ‘ఆడపిల్లకి స్టూడియో ఏంటి’ అంటున్నారు ఇంట్లో.
– ఒక పాఠకురాలు, కరీంనగర్

ఇంట్లో వాళ్ళకి మన హైదరాబాద్ సంగతే చెప్పండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే ఆడవాళ్ళ కోసం విడిగా జెనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది ఒక ఇంగ్లీషు మహిళ. మగవాడి ముందుకు రాని ఆడవాళ్ళు నిబ్బరంగా ఫోటో దిగాలంటే ఆడమనిషే ఉండాలని ఆయనకి అప్పుడే తెలిసింది.

నా అనుభవం కూడా అదే. చీర కుచ్చెళ్ళు సరిచెయ్యాలన్నా, పైట సర్దాలన్నా నేను మూడడుగుల దూరం నుంచి నోటితో చెప్పి, అది వాళ్ళకి అర్థంకాక, సగం ఫోటోలు అలాగే పోయాయి. బాలింతలు, పసిపిల్లలు, ఓణీల ఫంక్షన్ పిల్లలు నీ దగ్గరికి వస్తారమ్మా. అద్దెకి మాత్రం మేడ మీద గది తీసుకోకు. మెట్లెక్కలేని వాళ్ళ ఫోటోలే ముందు తియ్యాల్సినవి. డబ్బు మొదటి రెండేళ్ళు పాస్‌పోర్ట్ ఫోటోల మీదే వస్తుంది, చిన్నతనం అనుకోకు.

ప్రశ్న: 1981లో మా తాతయ్య షష్టిపూర్తికి కుటుంబమంతా మీ స్టూడియోకి వచ్చి ఫోటో దిగాం. మా ఇంట్లో ఉన్న కాపీ చెదలు తినేసింది. మీ స్టూడియో కవరు మాత్రం అమ్మ దాచింది. దాని మీద నెగటివ్ నంబరు 4417 అని ఉంది. ఇప్పుడు ప్రింటు వేయించి ఇస్తారా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

ఈ ఉత్తరానికి జవాబు రాయకుండా తప్పించుకుందామని రెండు రోజులు చూశాను.

ఉప్పెన తర్వాత మావయ్య ఒక నియమం పెట్టాడు. ఒక్క నెగటివ్ కూడా పారెయ్యకూడదు. బటర్ పేపర్ కవర్లలో, నంబర్ల వారీగా, అట్టపెట్టెల్లో అటక మీద పెట్టేవాళ్ళం. ఆయన పోయాక, 2004లో, అంతా డిజిటల్ అయిపోయి అద్దె కట్టడానికి కటకటలాడుతున్న రోజుల్లో, పాత నెగటివ్‌ల నుంచి వెండి తీసేవాళ్ళు ఊళ్ళోకి వచ్చారు. కిలోల లెక్కన కొంటారు. అప్పటికి ఒక్కరైనా పాత నంబరు పట్టుకుని వచ్చి ఏళ్ళయిందని నాకు నేను చెప్పుకున్నాను. పెట్టెలన్నీ తూకం వేసి ఇచ్చేశాను. వచ్చిన డబ్బు ఒక ప్రింటర్ ఇంకు మీద అయిపోయింది. ఆ ముసలాయన కోసం మూడు రోజులు వెతికింది నేనే, తూకం వేయించిందీ నేనే. 4417 అందులో పోయిందమ్మా. క్షమించమని అడగడం తప్ప చెయ్యగలిగింది లేదు.

అయితే రిజిస్టర్లు అమ్మలేదు. పాత కాగితాలకి అంత ధర రాలేదు లెండి. 1981 పుస్తకం తీసి చూశాను. మావయ్య చేతిరాతలో ఉంది: ‘4417. గ్రూపు, 14 మంది. ఫుల్ సైజు 2 కాపీలు. అడ్వాన్సు 20. ఒక కాపీ ఇంటికి, ఒకటి గుడివాడ పెద్దమ్మాయికి పోస్టులో.’

రెండు కాపీలు. చెదలు తిన్నది ఒకటి. తాతగారి పెద్దమ్మాయి అంటే మీకు పెద్దమ్మో, మేనత్తో అయ్యుంటారు. గుడివాడలో వాళ్ళిల్లు ఇంకా ఉంటే ఈ పండక్కి ఒకసారి వెళ్ళి అటకల మీద చూడండి. దొరికితే ఫోన్‌లో తీసి పంపకండి, ఫోటోనే పట్టుకుని బందరు రండి. స్కాన్ చేసి ప్రింటు వేసే పని మా అబ్బాయిది. ఆరేదాకా పక్కన కూర్చునే పని నాది.